బెంజమిన్ ఫ్రాంక్లిన్: తన్ను తాను దిద్దుకొన్న ముద్రాపకుడు

పరుల దోషములను గుర్తించుట సులభము. తన దోషములను తాను గుర్తించుట కష్టము. గుర్తించిన దోషమును దిద్దుకొనుట మరింత కష్టము. ఈ కష్టకార్యమును జీవితాంతము విడువక చేసినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. లోకము ఆయనను శాస్త్రజ్ఞుడుగను, రాజనీతిజ్ఞుడుగను ఎరుగును. ఆయన మాత్రము తుదివరకును తాను ముద్రాపకుడననియే చెప్పుకొనెను.

ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన ఉత్తర అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. నాడు ఆ ప్రాంతము ఆంగ్లేయుల వలసరాజ్యము. తండ్రి కొవ్వొత్తులును, సబ్బులును చేసి అమ్మి జీవించువాడు. ఆయన 17 మంది సంతానములో బెంజమిను 15వ వాడు. అంత పెద్ద కుటుంబమును పోషించు తండ్రికి కుమారుని చదివించు స్తోమత లేకపోయెను. రెండేండ్లు మాత్రమే పాఠశాలకు పోయి, పదవ యేట చదువు చాలించి, ఆ బాలుడు తండ్రి దుకాణములో వత్తులు కత్తిరించుచు, మూసలలో కొవ్వు పోయుచు కాలము గడపెను.

పండ్రెండవ యేట తండ్రి అతనిని అన్నయైన జేమ్సు అచ్చుకూటములో పని నేర్చుకొనుటకు కుదిర్చెను. ఇరువది యొక్క యేండ్లు నిండువరకు అచ్చట పనిచేయవలెనని ఒడంబడిక. బెంజమిను పగలు అక్షరములు కూర్చెడివాడు. రాత్రులు గ్రంథములు చదివెడివాడు. మాంసాహారము మాని, భోజనపు ఖర్చులో మిగిలిన సొమ్ముతో పుస్తకములు కొనెడివాడు. తన రచన బాగుగా లేదని గ్రహించి, అది బాగుపడుటకు ఒక ఉపాయము కనిపెట్టెను. ఒక మంచి వ్యాసమును చదివి, ప్రతి వాక్యములోని భావమును క్లుప్తముగా వ్రాసికొని, కొన్ని దినములు దానిని ప్రక్కన బెట్టెడివాడు. పిమ్మట ఆ వ్యాసమును తన మాటలలో మరల వ్రాసి, మూలముతో సరిచూచి, తప్పులను దిద్దుకొనెడివాడు. అతనికి గురువు వేరొకడు లేడు.

అన్నదమ్ములకు పొసగలేదు. అన్న కోపముతో తమ్ముని కొట్టుటయు గలదు. 1723లో బెంజమిను ఒడంబడికను ఉల్లంఘించి, ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా నగరమునకు పారిపోయెను. పెద్దవాడైన పిదప ఆయన ఈ ఘట్టమును గూర్చి వ్రాయుచు, నేరమంతయు అన్నదే యనలేదు. తన పెంకితనము గూడ కలహమునకు కారణమై యుండునని ఒప్పుకొనెను. జీవితములో తాను చేసిన పొరపాటులకు ఆయన పెట్టిన పేరు అచ్చుతప్పులు. అచ్చయిన పుస్తకములోని తప్పును రెండవ ముద్రణలో దిద్దవచ్చును. జీవితమునకు రెండవ ముద్రణ లేదు గనుక ఉన్నదానిలోనే దిద్దుకొనవలెనని ఆయన తలంచెను.

లండను నగరమున కొంతకాలము పనిచేసి, 1726లో తిరిగివచ్చి, 1728లో ఒక భాగస్వామితో కలసి ఫ్రాంక్లిన్ స్వంత అచ్చుకూటము స్థాపించెను. కొన్న కాగితమును తానే తోపుడుబండిపై వీథులవెంట తెచ్చుకొనెడివాడు. యజమానుడైతిననెడి బిడియము ఆయనకు లేదు. ప్రజలకు ఆయనపై నమ్మకము కుదిరెను. వ్యాపారము వృద్ధి పొందెను.

ఆ దినములలోనే ఆయన తన్ను తాను పరీక్షించుకొను పద్ధతి నొకదానిని ఏర్పరచుకొనెను. మితాహారము, మౌనము, క్రమము, పొదుపు, పరిశ్రమ, న్యాయము మొదలగు 12 గుణములను వ్రాసి, ఆ పట్టికను ఒక మిత్రునికి చూపెను. ఆ మిత్రుడు మొగమాటము లేక, ఫ్రాంక్లిన్ గర్విష్ఠియని పలువురు తలంచుచున్నారనియు, వాదములో ఎదుటివానిని తృణీకరించుచున్నాడనియు, ఉదాహరణములతో తెలియజెప్పెను. ఫ్రాంక్లిన్ కోపగింపక, వినయమును 13వ గుణముగా పట్టికలో చేర్చెను.

ఒక చిన్న పుస్తకములో గుణమునకొక వరుస, దినమునకొక గడి చొప్పున గీతలు గీసి, ప్రతి సాయంకాలము ఆనాటి తప్పులకు నల్లని చుక్కలు పెట్టెడివాడు. వారమునకొక గుణముపై ప్రత్యేక శ్రద్ధ. 13 వారములలో ఒక ఆవృత్తి; సంవత్సరమునకు నాలుగు ఆవృత్తులు. తాను ఊహించినదానికంటె తనలో దోషములు అధికముగా నుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. వస్తువులను, కాలమును క్రమములో నుంచుట ఆయనకు కడవరకును అలవడలేదు. అయినను, ప్రయత్నింపకున్నచో ఉండెడివానికంటె తాను మెరుగైతినని ఆయన సంతసించెను.

వినయమునకై ఆయన తన మాటతీరునే మార్చుకొనెను. నిశ్చయముగా, నిస్సందేహముగా అను పదములను విడిచి, నాకు ఇట్లు తోచుచున్నదని చెప్పుట అలవరచుకొనెను. 1731లో గ్రంథాలయ స్థాపనకు చందాదారులను కూర్చుచున్నపుడు, ఈ ఆలోచన తనదే యని చెప్పినచో జనులు వెనుదీయుచున్నారని గ్రహించి, ఇది కొందరు మిత్రుల సంకల్పమని చెప్పసాగెను. పని సులభముగా నెరవేరెను. కీర్తిని కొంతకాలము ప్రక్కన బెట్టగలవాడే పదుగురిని నడుపగలడని ఆయనకు అనుభవము నేర్పెను.

42వ యేట ఆయన వ్యాపారభారమును భాగస్వామి కొప్పగించి శాస్త్రపరిశోధనకు పూనుకొనెను. మెరుపు విద్యుత్తే యని 1752లో గాలిపటముతో నిరూపించెను. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసెను. 1787లో రాజ్యాంగసభ ముగియునాటికి ఆయనకు 81 ఏండ్లు. తన అభిప్రాయములు పలుమారులు తప్పని తేలినవని చెప్పి, సభ్యులందరును తమ తీర్పును కొంత శంకించుకొని సంతకము చేయవలెనని కోరెను.

అన్నిటికంటె పెద్ద దోషము ఆయన చిన్న పుస్తకములో లేనిది. ఫ్రాంక్లిన్ ఇంట నీగ్రో బానిసలుండిరి. బానిసల విక్రయ ప్రకటనలు ఆయన పత్రికలో అచ్చయ్యెను. న్యాయము అను గుణమునెదుట చుక్కలు పెట్టినవానికి చాలకాలము ఈ అన్యాయము కనబడలేదు. 1763లో ఫిలడెల్ఫియాలోని నీగ్రో బాలుర పాఠశాలను చూచి, వారు గ్రహణశక్తిలో తెల్లవారి బిడ్డలకు తీసిపోరని తెలిసికొని, తన పూర్వాభిప్రాయమును సవరించుకొనెను. మార్పు నెమ్మదిగా వచ్చెను, కాని వచ్చెను. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో బానిసత్వమును తొలగింపుమని అమెరికా కాంగ్రెసుకు పంపిన విజ్ఞాపనపై సంతకము చేసెను. కాంగ్రెసు దానిని అంగీకరింపలేదు. ఆ దేశమున బానిసత్వము 1865లో గాని తొలగలేదు. విజ్ఞాపన పంపిన రెండు మాసములకే, ఏప్రిల్ 17వ తేదీన, ఫ్రాంక్లిన్ మరణించెను.

తన మరణశాసనములో పదవులకంటె ముందుగా ముద్రాపకుడనని వ్రాసికొనెను. పని నేర్చి క్రొత్తగా వృత్తిలో ప్రవేశించు యువకులకు అప్పులిచ్చుటకై బోస్టనుకును, ఫిలడెల్ఫియాకును వేయేసి పౌనులు విడిచిపోయెను. ఎనుబది నాలుగవ యేట గూడ తప్పును దిద్దుకొనుటకు వేళ మించిపోలేదని ఆయన జీవితము చాటుచున్నది.