ఏటికి చోటు విడిచిన ఇంజనీరు

గండిపేట కట్టమీద నిలిచి తూర్పుదిక్కుకు చూచినవారికి కోకాపేట, నానక్‌రామ్‌గూడల గాజుమేడలు ఆకాశాన్ని ఒరసికొని కనిపిస్తవి. వెనుదిరిగి పడమరకు చూస్తే ఉస్మాన్‌సాగర్ జలాలు, వాటికావల చేలు, పల్లెలు. ఈ రెంటి నడుమనున్న నేల మేడలకు చెందవలెనా, నీటికి చెందవలెనా అన్నది నేటి భాగ్యనగరపు పెద్ద వివాదం. ఇట్టి ప్రశ్ననే నూరేండ్లకు పూర్వం, ఆవేశం లేకుండా, లెక్కలు చేతబట్టి ఎదుర్కొన్న మహనీయులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వారి పూర్వులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. అక్కడినుండి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగు కుటుంబం వారిది. 1860వ దశాబ్దపు తొలినాళ్ళలో, చిక్కబళ్ళాపురం చెంతనున్న ముద్దెనహళ్ళిలో జన్మించినారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. కుమారుని బాల్యంలోనే గతించినారు. ఇంట పేదరికం. బాలుడు పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన దానితో తాను చదువుకొన్నాడు. 1881లో బెంగుళూరు సెంట్రల్ కళాశాలనుండి బి.ఏ. పట్టం పొంది, పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరినారు. పూనా సమీపాన ఖడక్‌వాస్లా ఆనకట్టకు వారు రూపొందించిన స్వయంచాలక తలుపులు, వరద వచ్చినప్పుడు తమంత తామే తెరచుకొని, తగ్గగానే మూసికొనేవి. నీటితో పెనగులాడరాదు, దానికి దారి చూపవలెనన్న బుద్ధి అప్పటికే వారిలో ఏర్పడినదని చెప్పవచ్చును.

1908 సెప్టెంబరు 28వ తేదీ హైదరాబాదు చరిత్రలో మరపురాని దినం. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ ఆనాడు నగరంమీద విరుచుకొనిపడినది. వంతెనలు కొట్టుకొనిపోయినవి. వేలాది ఇండ్లు కూలినవి. పదిహేనువేలమంది వరకు ప్రాణాలు కోల్పోయినారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని నూటయాభైమంది బ్రతికి బయటపడినారని నేటికిని చెప్పుకొంటారు.

కొలువునుండి విరమించి విదేశ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యగారికి నిజాం ప్రభుత్వంనుండి పిలుపు వచ్చినది. 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరినారు. రాగానే గోడలు కట్టుటకు పూనుకొనలేదు. మొదట లెక్క తీసినారు. షంషాబాదులో ఒక్క దినంలో 12.8 అంగుళాల వాన కురిసినదని తేలినది. నగరానికి ఎగువనున్న పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు. అనగా ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 చెరువులు తెగినవి. పైచెరువు తెగి క్రిందిచెరువుపై పడి, అది మరొకదానిపై పడి, ఏటిలో ఒక్కుమ్మడిగా ఏకమైనవి. నగరాన్ని ముంచిన నీరు నగరంలో పుట్టినది కాదు. అందుచేత నివారణ కూడా నగరంలోనే వెదకరాదని వారు గ్రహించినారు.

1909 అక్టోబరులో వారు సమర్పించిన నివేదికకు ఇదే ప్రాణం. మూసీకి ఒకటి, దాని ఉపనది ఈసీకి ఒకటి, నగరానికి ఎగువనే రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడ నిలుపవలెను, క్రమంగా విడువవలెను. నగరంలో ఏటి ఒడ్లను గట్టిపరచి, వాటివెంట ఉద్యానాలు పెంచవలెను. నిర్మాణం ఇతర ఇంజనీర్ల చేతులమీదుగా సాగినది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. వరదను ఆపిన ఆ నీరే నగరానికి త్రాగునీరైనది. గండిపేట నీరు తన వాలుననే ఆసిఫ్‌నగర్‌కు చేరినది. నగరం గట్టెక్కినది, దానికై నీట మునిగినది మాత్రం పల్లెల నేల. ఈ మాట మరువరాదు.

అటుపిమ్మట వారు మైసూరుకు చీఫ్ ఇంజనీరై, 1912నుండి 1918వరకు దివానుగా పనిచేసినారు. కృష్ణరాజసాగరం, భద్రావతి ఇనుప కర్మాగారం, మైసూరు విశ్వవిద్యాలయం వారి కృషితో ముడివడినవి. దేశం పరిశ్రమలవలననే బాగుపడునని జీవితాంతం నమ్మినవారు. 1955లో భారతరత్న పొంది, నిండు నూరేండ్లు జీవించి, 1962లో కీర్తిశేషులైనారు. కావున చెరువులను కాపాడవలెనన్న ప్రతివాడును పరిశ్రమలకు శత్రువనుకొనుట పొరపాటు. ఈ రెండును ఒకే మనిషిలో ఇమిడినవి.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అంతకు రెండేండ్లు ముందే, 1996లో, 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినది. రెండు జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు రాకుండ అది కట్టడి చేసినది. 2000లో సుప్రీంకోర్టు ఒక పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపును కొట్టివేసి, ఆ కట్టడికి బలం చేకూర్చినది. 2022లో వచ్చిన 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించజూచినది. నగర అవసరాలలో నూటికి ఒకటింబాతిక వంతు నీరైనను ఈ చెరువులు ఇప్పుడు ఇచ్చుట లేదన్నది అందలి వాదం. కృష్ణ, గోదావరి జలాలు వచ్చినవి గదా!

ఈ వాదాన్ని త్రోసిపుచ్చరాదు. రైతు గోడును అసలే త్రోసిపుచ్చరాదు. 2023లో కోకాపేట వేలంలో ఎకరం నూరుకోట్లు దాటినది. గీతకు ఈవలనున్న రైతు, అదే మట్టి దున్నుకొనుచు, ఆ ధరను చూచి నిట్టూర్చుటలో వింత లేదు. అయినను విశ్వేశ్వరయ్యగారి లెక్కలో ఆ జలాశయాలు మొదట వరదకు కళ్ళెం. త్రాగునీరు ఆ వెనుక. కృష్ణాజలం నూరు కిలోమీటర్లకు పైగా దూరంనుండి విద్యుత్తుతో ఎక్కి రావలెను. వరదను ఆపుటకు మాత్రం కృష్ణ రాదు. ఎగువనేల కాంక్రీటుతో కప్పబడినచో వాన ఇంకదు. వచ్చిన నీరంతయు ఒక్కసారిగా వచ్చును. 2020 అక్టోబరు వానలలో చెరువుల క్రింది కాలనీలు మునిగిన దృశ్యం మనం చూచినదే. చెరువనగా కట్టవెనుక నిలిచిన నీరు మాత్రమే కాదు. ఆ నీటిని తెచ్చే నేలయంతయు చెరువే.

మరి రైతుమాట? నేల కాపాడుటవలన మేలు పొందునది నగరం. భారం మోయునది పల్లె. మేలు పొందినవారే మూల్యం చెల్లించుట న్యాయం. మేడలమీద వచ్చిన ఆదాయంలో కొంత, మేడ కట్టక చేను నిలుపుకొన్నవానికి ఏటేటా చేరినచో, ఆ ఆంక్ష శిక్షగా గాక కొలువుగా మారును. అట్టి లెక్క వేయుటకు కావలసినది విశ్వేశ్వరయ్యగారి వంటి నిదానం.

సెప్టెంబరు 15, వారి జన్మదినం, ఇంజనీర్ల దినోత్సవం. ఆనాడు ఉపాధ్యాయులు తమ విద్యార్థులను గండిపేట కట్టమీదికి కొనిపోయి, నీటివైపు ఒకసారి, మేడలవైపు ఒకసారి చూపించి, ఈ నీరు ఏ నేలమీదుగా వచ్చినదని అడుగుదురుగాక. ఆ ప్రశ్నకు సమాధానం వెదకిన పిల్లవాడు, రేపు ఆ మేడలలోనే కొలువు చేసినను, క్రింది ఏటిని మరువడు.