మాట పడిపోయిన ఉస్తాదు - ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహి)

ఇమాం గజాలీ గారి పేరు విననివారు మనలో అరుదు. ఉర్దూ చదివిన పెద్దల అలమరలో వారి కీమియాయె సఆదత్ తర్జుమా కనిపిస్తూనే ఉంటుంది. వారి ఇల్మును గురించి జల్సాలలో ఎన్నో తఖ్రీర్లు విన్నాం. కాని ఒకప్పుడు వారు మనసు కుంగి, మాట పడిపోయి, అన్నం మింగలేని స్థితికి వచ్చారని చాలామందికి తెలియదు. ఆ సంగతే ఇక్కడ చెప్పదలచాము.

వారు హిజ్రీ 450లో, అనగా క్రీ.శ. 1058లో, ఇరాన్ దేశపు ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి బతికే పేదవాడని చరిత్రకారులు చెబుతారు. కన్నుమూసే ముందు ఆయన తన ఇద్దరు కొడుకులనూ, అనగా ఇమాం గారినీ తమ్ముడు అహ్మద్‌నూ, ఒక సూఫీ మిత్రునికి అప్పగించారు. ఉన్న కాస్త పైకం అయిపోగానే ఆ పెద్దమనిషి, తిండీ వసతీ దొరుకుతాయని పిల్లలను మదరసాలో చేర్పించారు. తరువాత ఇమాం గారు నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద చదివి, 1091లో, 33 ఏళ్ళ వయసుకే బగ్దాదు నిజామియా మదరసాలో ఉస్తాదు అయ్యారు. ఎదుట 300 మంది విద్యార్థులు, దర్బారులో గౌరవం. ఇంకేం కావాలి?

మరుసటి ఏడే వారిని ఆదరించిన వజీరు నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యారు. రాజ్యం అల్లకల్లోలమైంది. ఇమాం గారి లోపల మరో తుఫాను రేగింది. తాను పాఠం చెప్పేది అల్లాహ్ కోసమా, పేరు కోసమా అన్న ప్రశ్న వారిని నిలవనీయలేదు. 1095లో సుమారు ఆరు నెలలు నలిగిపోయారు. ఒకనాడు బగ్దాదు విడిచిపోదామనుకుంటే, మరునాటికి ఆ ధైర్యం జారిపోయేది. చివరికి పాఠం చెప్పబోతే నోరు పెగల్లేదు. శిష్యుల కోసం ఒక్కరోజైనా చెబుదామంటే ఒక్క మాట రాలేదు. ముద్ద దిగదు, నీళ్ళూ దిగవు. హకీములు చూసి, ఈ జబ్బు మనసులో పుట్టి ఒంటికి పాకింది, దిగులు తీరనిదే మందు పనిచేయదు అని తేల్చారు.

పిల్లలకు పాఠం చెప్పి బతికే మాబోటివాళ్ళకు ఈ ఘట్టం చదివితే గుండె బరువెక్కుతుంది. మాట మీద బతికేవానికి మాటే పోతే ఇంకేముంది?

ఇమాం గారు అల్లాహ్‌ను వేడుకున్నారు. దువాతోపాటు బతుకు తీరునూ మార్చుకున్నారు. పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగతా ఆస్తి పంచిపెట్టి, ఉద్యోగం వదిలి డమాస్కస్ వెళ్ళారు. నిజామియాలో వారి పాఠాలను తమ్ముడు అహ్మద్ అందుకున్నారు. డమాస్కస్ మసీదు మినారెక్కి, తలుపు వేసుకుని ఏకాంతంగా గడిపేవారు. అక్కడినుండి బైతుల్ మఖ్దిస్, ఆ పిమ్మట హజ్. చివరికి పిల్లల మీది మమకారమే వారిని ఇంటికి లాక్కొచ్చింది. ఇహ్యా ఉలూమిద్దీన్ అనే మహాగ్రంథం ఈ సంవత్సరాల ఫలమే.

కోలుకోవడం ఒక్కరోజులో జరగలేదు. దాదాపు 11 ఏళ్ళ తర్వాత, 1106లో, నీషాపూర్‌లో మళ్ళీ పాఠం చెప్పారు. తన జబ్బు సంగతిని అల్ మున్‌ఖిజ్ అనే పుస్తకంలో ఏమీ దాచకుండా రాశారు. 1111లో తూస్‌లోనే కన్నుమూశారు.

మరి మనం ఏం చేస్తున్నాం? ఇంట్లో మౌత్ జరిగి నెలలు గడిచినా అన్నం ముట్టని తల్లిని, పరీక్ష తప్పి గది దాటని కుర్రవాణ్ణి చూసి ఈమాన్ తక్కువంటాం. లేదా ఎర్రగడ్డకు పంపాలని నవ్వుతాం. హుజ్జతుల్ ఇస్లాం అనిపించుకున్న వారి ఈమాన్ తక్కువని ఎవరనగలరు? ఎర్రగడ్డ ఆసుపత్రి ఉన్నది వైద్యానికి, వెక్కిరింతకు కాదు. దువా చేయండి, డాక్టరుకూ చూపండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అన్నిటికీ మించి, అహ్మద్ అన్నగారి పాఠాలు అందుకున్నట్టు, కుంగినవారి భారం కొంత మనం అందుకుందాం. వారు తిరిగి నిలబడేదాకా ఓపిక పడదాం.

అల్లాహ్ మనందరికీ ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక! ఆమీన్.