కడుపు పండకముందే వేసుకోవలసిన మాత్ర
సుబ్బారావు డాక్టరు కృషి మన పల్లెలకు ఎందుకు కావాలి?

కాన్పుల ఆసుపత్రికి పోయిన ఆడకూతుళ్లు ఫోలిక్ యాసిడ్ మాత్ర మింగే ఉంటారు. దానిని ఫ్యాక్టరీలో తయారుచేసే వీలు కల్పించింది మన తెలుగువాడే అన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. అన్న పురుషోత్తంను బలిగొన్నది గ్రహణి జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు ఆగ్రహించగా, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

1920ల మొదట్లో మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సొమ్ముతోను అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన కొడుకు పసికందుగానే పోయాడు. ఆయన మళ్లీ స్వదేశం రాలేదు. ఆ ఇల్లాలు పడిన కష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేదు.

హార్వర్డులో పేరు తెచ్చే పరిశోధనలు చేసినా తగిన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అప్పటికే లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయి మిల్లు కూలీల్లో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని 1931లో చూపింది. ఆ సారంలోని పదార్థాన్ని 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిగా తీసి, ఆకు అనే అర్థంలో ఫోలిక్ అని పేరు పెట్టారు. మందుగా వాడాలంటే అలా ఆకు పిండితే చాలదు. సుబ్బారావు నడిపించిన బృందం 1945లో దానిని రసాయనికంగా తయారుచేసింది. అన్నను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది. 1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన నిద్రలోనే పోయారు.

ఈ మందు పుట్టబోయే బిడ్డ వెన్నును కాపాడుతుందని ఆయన బతికుండగా రుజువు కాలేదు. వెన్నెముక మూసుకోని బిడ్డను అంతకుముందు కన్న తల్లుల మీద ఏడు దేశాల్లో జరిపిన పరీక్ష ఫలితం 1991లో వచ్చింది. గర్భానికి ముందునుంచే మాత్ర వాడినవారిలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పిండం పడిన 28 రోజులలోపే వెన్ను గొట్టం మూసుకోవాలి. నెల తప్పిందని తెలిసి, అత్తకు చెప్పి, ఆసుపత్రికి పోయేసరికి ఆ గడువు దాటిపోతుంది. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందునుంచి, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుని మూడో నెల దాకా కొనసాగించాలని వైద్యులు చెబుతారు. మునుపు అలాంటి బిడ్డ పుట్టినవారికి మోతాదు ఎక్కువ. అది డాక్టరే చెప్పాలి. తోటకూర, పెసలు, చెనక్కాయలు మంచివే గాని, మాత్రకు బదులు కావు.

జ్వరమనో దగ్గనో ఓ.పి.కి వచ్చిన కొత్త కోడలిని, బిడ్డ కోసం చూస్తున్నావా అమ్మా అని అక్కడే అడగడం మేలు. చక్కెర జబ్బు, మూర్ఛ ఉన్నవారికైతే ఈ మాట మరీ ముఖ్యం. చక్కెర ముందే అదుపులోకి రావాలి, మూర్ఛ మాత్రలు కొన్ని మార్చవలసి ఉంటుంది. అడిగేవారు లేకపోతే ఆమే అడగవచ్చు, సిగ్గుపడనక్కరలేదు.