మూడవ సాలార్‌జంగ్ నవాబు – గడియారంలోని గడ్డపు మనిషి

మన పాణ్యం నుంచి ఏ పని మీద హైదరాబాదు పోయినా, వెంట పిల్లలుంటే చార్మినారు తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా తిరిగి రావడం అరుదు. అక్కడ ఏం చూశారని అడిగితే పిల్లలు మొదట చెప్పేది గడియారం సంగతే. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు పై అరలోంచి గడ్డం ఉన్న చిన్న మనిషి బయటికొస్తాడు. వేళ కాగానే ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పక్కన ఒక కమ్మరి క్షణానికొక దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. ఆ గడియారం ఉన్న ఇంటి యజమాని జీవితాన్ని మన సభ్యుల ముందుంచాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్‌జంగ్, 1889 జూన్ 13న పూనాలో పుట్టారు. నెల తిరగకముందే తండ్రి కాలం చేశారు. తాతగారు మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు, అనగా ముప్ఫై ఏళ్ళు, నిజాం రాజ్యానికి దివానుగా పనిచేసిన మహామంత్రి. అంతటి ఇంటిపేరు, జాగీరు, దివాన్ దేవిడీ అనే మహలు అన్నీ ఈ పసిబిడ్డ మీద పడ్డాయి. తండ్రి ముఖం మాత్రం ఆయనకు తెలియదు.

1912లో ఏడవ నిజాం ఆయనను దివానుగా నియమించారు. అప్పటికి వయసు ఇరవైమూడేళ్ళు. రెండేళ్ళు తిరిగి 1914 చివరికి వచ్చేసరికి ఆ పదవి వదిలేశారు. కుర్చీ దిగిన మనిషి సాధారణంగా ఏం చేస్తాడు? మళ్ళీ కుర్చీ కోసం తిరుగుతాడు, లేదా ఇంట్లో కూర్చుని కుర్చీ తీసుకున్నవాళ్ళను తిడతాడు. నవాబుగారు ఈ రెండూ చేయలేదు. మిగిలిన ముప్ఫై అయిదేళ్ళు వస్తువులు సేకరించారు. తాత కొన్నవి ఎటూ ఉన్నాయి. 1876లో రోములో ఆయన కొన్న మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం వాటిలో ఒకటి. మనవడు ఐరోపా తిరిగి కొన్నారు. అమ్మేవాళ్ళు దేవిడీ గుమ్మంలోకే తెచ్చిస్తే కొన్నారు. ఖురాన్ ప్రతులు, పర్షియా తివాచీలు, చైనా పింగాణీ, కత్తులు, లెక్కలేనన్ని గడియారాలు. కవులను ఆదరించారు, పుస్తకాలు అచ్చు వేయించారు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు.

పిల్లలకు ప్రీతిపాత్రమైన ఆ గడియారం భాగాలు ఇంగ్లండులో తయారయ్యాయి. కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ కంపెనీవారు వాటిని బిగించారు. మా అభిప్రాయం అడిగితే, పనితనంలో ఆ బొమ్మ రెబెకా ముందు నిలవదు. రాతిలోంచి ముసుగు, ముసుగులోంచి ముఖం కనబడేట్టు చెక్కడం మాటలు కాదు. కానీ రెబెకా ముందు జనం రెండు నిమిషాలు నిలబడి ముందుకు పోతారు. గడ్డపాయన కోసం పావుగంట కూర్చుంటారు. కదిలే బొమ్మలో ఉన్న మహిమ అదే. అది మనల్ని వేచి ఉండేట్టు చేస్తుంది. ఇంకా రాలేదే, ఇంకా రాలేదే అనుకుంటూ ముసలివాళ్ళు కూడా పిల్లలైపోతారు. మా ఊళ్ళ తిరునాళ్ళలో తోలుబొమ్మలాట తెర ముందు తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో పడమటి దేశాల వాళ్ళు దీనికి కదిలే శిల్పమని పేరు పెట్టారు. అమెరికా శిల్పి కాల్డర్ తీగలకు రేకులు వేలాడదీసి గాలికి ఊగనిచ్చాడు. కానీ ఈ విద్య మనవాళ్ళకు కొత్త కాదు. దియార్‌బకిర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో ఉన్న అల్ జజరీ 1206లో పూర్తి చేసిన గ్రంథంలో ఏనుగు గడియారం ఉంది. ఏనుగు కడుపులో నీళ్ళ తొట్టి, అందులో చిల్లు ఉన్న గిన్నె. గిన్నె నిండి మునగడానికి అరగంట పడుతుంది. మునగగానే పైనుంచి గుండు జారి పాము నోట్లో పడుతుంది, పాము వంగుతుంది, మావటి కొడతాడు. బొమ్మల విషయంలో మన పెద్దల్లో అభిప్రాయభేదాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ మేము చేయడం లేదు. ముసల్మాను చేతుల్లో ఇంత తెలివి ఉండేదని మన పిల్లలకు తెలియాలన్నదే మా కోరిక.

1949 మార్చి 2న నవాబుగారు పరమపదించారు. అల్లాహ్ వారికి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. వెనుక సంతానం లేదు, వారసత్వంగా అందుకునే కొడుకు లేడు. నలభై వేలకు పైబడిన కళావస్తువులు, వేలకొద్దీ చేతిరాత గ్రంథాలు ఎవరివి? హక్కుదారులైన బంధువులు చాలామంది ఉన్నారు. పంచుకుని ఉంటే కత్తి ఒకరికి, తివాచీ ఒకరికి పోయేవి. గడియారం ఏ వేలంపాటలోనో తేలేది. రెండెకరాల చేను కోసం అన్నదమ్ములు నంద్యాల కోర్టు చుట్టూ తిరగడం చూసినవాళ్ళం మనం. అందుకే తర్వాత జరిగింది మాకు గడియారం కంటే పెద్ద వింతగా తోస్తుంది. ప్రభుత్వం ఆస్తి చూడటానికి కమిటీ వేసింది. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని నెహ్రూగారు ప్రారంభించారు. 1958లో హైకోర్టు ద్వారా రాజీ కుదిరి, వారసులు ఆ సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న కొత్త భవనానికి మారింది.

ఒక్క మనిషి మహల్లో ఉన్న వస్తువుల ముందు ఈనాడు ఎవరి పిల్లలైనా కూర్చోవచ్చు. వెళ్ళేవాళ్ళకు ఒక సూచన: శుక్రవారం మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో పన్నెండుకు పదిహేను నిమిషాల ముందే చేరి చోటు పట్టుకోండి. ఆ వేళ గడ్డపాయన పన్నెండు దెబ్బలు కొడతాడు, పిల్లలు గట్టిగా లెక్కపెడతారు.