కంటి పొరపాటును తూచిన పండితుడు – ఇబ్నుల్ హైసమ్

కళ్ళారా చూశానని ఎవరైనా అంటే ఆ మాటకు ఇక తిరుగు లేదు. పంచాయితీలోనైనా, ఇంట్లోనైనా ఇదే వరస. కాని వెయ్యేళ్ళ కిందట బస్రా నగరంలో పుట్టిన ఒక పండితుడు, కన్ను ఎలా చూస్తుంది, ఎక్కడెక్కడ మోసపోతుంది అనే సంగతిని ఏళ్ళ తరబడి శోధించి, కళ్ళారా చూసినదాన్ని కూడా పరీక్ష చేసుకోవాలని లోకానికి నేర్పారు. వారే అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. యూరపు వారు అల్ హాజెన్ అని పిలుచుకున్నది వీరినే. వారి జీవితాన్ని మన సభ్యులకు, ముఖ్యంగా చదువుకునే పిల్లలకు పరిచయం చేయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఇబ్నుల్ హైసమ్ సుమారు 965లో, అనగా హిజ్రీ 354లో, ఇరాక్ దేశంలోని బస్రాలో జన్మించారు. గణితంలోను, ఖగోళ శాస్త్రంలోను దిట్ట అని పేరు తెచ్చుకున్నారు. 13వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నుల్ కిఫ్తీ చెప్పిన ప్రకారం, తాను మిస్రు దేశంలో ఉంటే నైలు నది నీరు ఎక్కువైనా తక్కువైనా ప్రజలకు ఉపయోగపడేటట్లు ఏర్పాటు చేయగలనని వీరు అన్నారట. ఆ మాట ఆ చెవినా ఈ చెవినా పడి కైరోలోని ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం వద్దకు చేరింది. ఖలీఫా ధనం పంపి పిలిపించుకున్నారు. పండితుడు వస్తున్నాడని తెలిసి ఊరి బయటికి స్వయంగా ఎదురేగినారు.

ఇబ్నుల్ హైసమ్ పనివాళ్ళను వెంటబెట్టుకొని నది వెంబడి దక్షిణానికి, అస్వాన్ దాకా వెళ్ళారు. దారి పొడుగునా ప్రాచీన మిస్రు వాసులు కట్టిన కట్టడాలు కనబడ్డాయి. వాటి కొలతలు, చెక్కడపు పని చూసేసరికి వారికి ఒక ఆలోచన తట్టింది. ఇంతటి లెక్క తెలిసినవాళ్ళు ఈ నదికి అడ్డకట్ట వేయడం సాధ్యమైతే వేయకుండా ఊరుకుంటారా? తీరా తాను అనుకున్న చోటికి పోయి చూస్తే, నది తీరు తాను బస్రాలో కూర్చుని ఊహించినట్లు లేదు. ఇది తన వల్ల అయ్యే పని కాదని గ్రహించి వెనక్కు తిరిగి వచ్చారు. అదే అస్వాన్ వద్ద నైలు నదికి ఆనకట్ట 1902లో గాని కట్టలేదు. పెద్ద డ్యామ్ పూర్తి కావడానికి 1970 దాకా పట్టింది.

ఖలీఫా అల్ హాకిం ఎప్పుడు మెచ్చుకుంటాడో, ఎప్పుడు తల తీయిస్తాడో తెలియని మనిషి. పైకి ఏమీ అనకుండా ఇబ్నుల్ హైసమ్‌కు దివాణంలో ఒక ఉద్యోగం ఇచ్చారు. కాని వీరికి ప్రాణభయం పట్టుకున్నది. తప్పించుకోడానికి వేరే దారి కానరాక మతి చలించినట్లు నటించారని చెబుతారు. ఆస్తిని స్వాధీనం చేసుకొని, ఆయనను ఒక ఇంట్లో నిర్బంధించారు. 1021లో ఖలీఫా గతించిన తరువాత గాని ఆ ముసుగు తీయలేదు. అటు తరువాత జామె అల్ అజ్‌హర్ సమీపాన ఒక చిన్న నివాసంలో ఉంటూ, యూక్లిడ్ వంటి వారి గణిత గ్రంథాలకు నకళ్ళు రాసి అమ్ముకొని, ఆ రాబడితోనే జీవితం గడిపారు. రాజుల కొలువు జోలికి మళ్ళీ పోలేదు. సుమారు 1040లో కైరోలోనే కన్ను మూశారు.

ఇక వారికి శాశ్వత కీర్తి తెచ్చిన గ్రంథం కితాబుల్ మనాజిర్. ఇది ఏడు భాగాలు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకడం వల్ల మనకు చూపు కలుగుతుందని యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు మహాపండితులు చెప్పి ఉన్నారు. ఇబ్నుల్ హైసమ్ దీనిని ఒప్పుకోలేదు. సూర్యుని వైపు చూస్తే కన్ను నొప్పి పెడుతుంది. మంచి వెలుతురును కాసేపు చూసి కళ్ళు మూసుకుంటే ఆ వెలుగు ఇంకా కనబడుతూనే ఉంటుంది. మరి వెలుగు బయటినుండి కంటిలోకి వస్తున్నట్లా, కంటినుండి బయటికి పోతున్నట్లా? మాటలతో ఊరుకోక చీకటి గదికి చిన్న రంధ్రం పెట్టి, బయట దీపాలు వరుసగా నిలిపి పరీక్ష చేశారు. ఒక దీపాన్ని మూస్తే గోడ మీద దాని వెలుగు ఒక్కటే పోతుంది, తక్కినవి చెక్కు చెదరవు. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుందని దీనివల్ల రుజువైంది.

అయితే మేము ముఖ్యంగా చెప్పదలచింది వేరే ఉంది. వెలుగు కంటిలో పడినంత మాత్రాన చూడడం పూర్తి కాదని వారు కనిపెట్టారు. వెలుగు, రంగు మాత్రమే నేరుగా తెలుస్తాయి. తక్కినదంతా మనస్సు పోల్చుకొని, లెక్క కట్టి, తీర్పు చెప్పాలి. ఆ తీర్పు ఎంత వేగంగా జరిగిపోతుందంటే, జరిగినట్లు మనకే తెలియదు. దీనికి వారు ఇచ్చిన ఉదాహరణ మా వంటి ఉర్దూ మాస్టర్లకు ఇట్టే మనసుకు పడుతుంది. చదువు వచ్చినవాడు అబ్జద్ అనే మాటను చూడగానే అబ్జద్ అనేస్తాడు. అలిఫ్, బే, జీమ్, దాల్ అని ఒక్కొక్కటి కూడబలుక్కోడు. మాట రూపం గుర్తుండి మనస్సు మిగతాది పూరించేస్తుంది. అందువల్లనే నుక్తా తప్పిపోయినా పెద్దవాళ్ళు గమనించకుండా చదువుకుపోతారు. కూడబలుక్కొని చదివే చిన్నపిల్లవాడు మాత్రం అక్కడ ఆగిపోతాడు. మనస్సుకు ఉన్న వేగమే దాని బలం, దాని బలహీనత కూడాను.

మూడవ భాగంలో చూపు పొరపాట్లను వారు వరుసగా విడదీసి చెప్పారు. సరిగా చూడడానికి ఎనిమిది షరతులు పెట్టారు: తగిన దూరం, ఎదురుగా ఉండడం, వెలుతురు, తగినంత పరిమాణం, వస్తువు దళసరితనం, నడుమనున్న గాలి నిర్మలంగా ఉండడం, చాలినంత సమయం, ఆరోగ్యమైన కన్ను. వీటిలో ఏది హద్దు తప్పినా మనస్సు తీర్పు తప్పుతుంది. మసక వెలుతురులో తాడు పాము అవుతుంది. దూరాన వచ్చే మనిషి ఇంకొకరిలా తోస్తాడు. రంగురంగుల బొంగరం గిర్రున తిరిగితే ఒకటే రంగుగా కనబడుతుంది. ఒకే రంగు చుక్కలు తెల్లదాని మీద నల్లబడినట్లు, నల్లదాని మీద తెల్లబడినట్లు ఉంటాయి.

అన్నిటికంటె విచిత్రం చంద్రునిది. చౌదవీ చాంద్ ఉదయించేటప్పుడు పళ్ళెమంత కనబడి, నడినెత్తికి వచ్చేసరికి చిన్నదైపోతుంది. టాలెమీ తన ఖగోళ గ్రంథంలో ఇది గాలిలోని ఆవిరి వల్ల అన్నారు. ఇబ్నుల్ హైసమ్ మాత్రం ఇందులో పెద్ద భాగం మనస్సు లెక్కదే అన్నారు. ఆకాశపు అంచున చంద్రునికీ మనకూ మధ్య పొలాలు, చెట్లు, ఇళ్ళు వరుసగా ఉంటాయి. వాటిని బట్టి మనస్సు చంద్రుడు చాలా దూరాన ఉన్నాడనుకుంటుంది. పైన ఉన్నప్పుడు మధ్యలో కొలుచుకోడానికి ఏమీ లేదు గనుక దగ్గర అనుకుంటుంది. కంటిలో ఆక్రమించే చోటు రెండు వేళలా ఒకటే, దాదాపు అర డిగ్రీ. దూరాన ఉండి కూడా అంత చోటు ఆక్రమిస్తే అది పెద్దదే అయి ఉండాలని మనస్సు తీర్పు ఇచ్చేస్తుంది. ఈ చిక్కుముడి మీద శాస్త్రజ్ఞులు ఇప్పటికీ చర్చ చేస్తూనే ఉన్నారు. వారి లెక్కలో ఈ వివరణకు ఈనాటికీ చోటున్నది.

ఇంకొక గ్రంథంలో వారు టాలెమీ లెక్కల మీద సందేహాలు రాశారు. అందులో పెద్దల మాటను గుడ్డిగా నమ్మవద్దనడంతో ఆగలేదు. సత్యం వెదికేవాడు తన మీద తాను కూడా అనుమానం ఉంచుకోవాలని బోధించారు. బస్రాలో కూర్చుని నైలును ఊహించి, ఆ ఊహకు ఇంత మూల్యం చెల్లించిన మనిషి రాసిన మాట కాబట్టి దానికి బరువు ఎక్కువ అని మేమనుకుంటాము.

కితాబుల్ మనాజిర్ లాటిన్ భాషలోకి వెళ్ళింది. 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. రోజర్ బేకన్, కెప్లర్ వంటి వారు దానిని చదివి ముందుకు సాగారు. మన హైదరాబాదుకు కూడా ఇందులో వాటా ఉంది. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ వారు, ఈ గ్రంథంపై కమాలుద్దీన్ ఫార్సీ రాసిన వ్యాఖ్యానాన్ని 1928, 1930 మధ్య రెండు సంపుటాలుగా అచ్చు వేశారు. ఆ తరువాత ఇబ్నుల్ హైసమ్ చిన్న రచనలను కూడా ప్రచురించారు. బస్రా పండితుని చదవదలచిన వారు మన ఊరి అచ్చు పుస్తకాన్ని వెతుక్కోవలసి వచ్చిందన్న మాట.

ఆ ఎనిమిది షరతులు మన ఇళ్ళల్లో కూడా పనికొస్తాయి. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు బోర్డు మీది లెక్క తప్పు దింపుకుంటే మొద్దు అనేస్తాము. దూరం ఎంత, వెలుతురు ఉందా, కన్ను బాగుందా అని అడగము. కళ్ళజోడుతో పోయే లోపానికి చదువే మాన్పించిన ఇళ్ళు ఉన్నాయి. అక్కడ చూపు తప్పింది పిల్లవానిది ఒక్కడిదే కాదు, తీర్పు చెప్పిన పెద్దలది కూడా. బడి తెరిచే ముందు ప్రతి బిడ్డకూ ఒకసారి కంటి పరీక్ష చేయించవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము.

వచ్చే చౌదవీ రాత్రి పిల్లలను మిద్దె మీదికి తీసుకుపోండి. చంద్రుడు ఉదయించేటప్పుడు చేయి చాచి చిటికెన వేలు అడ్డం పెట్టమనండి. పూర్తిగా కప్పేస్తుంది. కాగితం గొట్టంగా చుట్టి ఒక కంటితో చూడమనండి. చెట్లు, ఇళ్ళు కనుమరుగు కాగానే పళ్ళెమంత చంద్రుడు చిన్నబోతాడు. ఎందుకు అని పిల్లలు అడిగితే ఇబ్నుల్ హైసమ్ పేరు చెప్పండి.