ఎవరికి ఏ చదువు? - డుబాయిస్ జీవితం చెప్పిన జవాబు

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మన హాస్టల్ విద్యార్థులకు ఇంటి దగ్గర తరచుగా వినిపించే మాట ఒకటుంది. పెద్ద చదువులు మనకెందుకు, ఏదైనా చేతిపని నేర్చుకుంటే చాలదా అని. ఆ మాట అనేవారిలో మన మేలు కోరేవారే ఎక్కువ. నూరేళ్ళకు పైగా క్రితం అమెరికాలో ఇదే మాట ఒక జాతి మొత్తానికి ఎదురైంది. దానికి తన జీవితంతో జవాబు చెప్పిన మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్. ఆయనను మిత్రులందరికీ పరిచయం చేయాలన్నదే మా ఈ చిన్న ప్రయత్నం.

డుబాయిస్ 1868 ఫిబ్రవరి 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. ఆయన పసివాడుగా ఉండగానే తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తల్లి ఇళ్ళలో పనిచేసి కొడుకును పెంచింది. హైస్కూలులో హెడ్మాస్టరు హాస్మర్ ఈ నల్లజాతి కుర్రవాడిని కాలేజీకి పనికివచ్చే లాటిన్, గ్రీకు, గణితం తీసుకోమన్నారు. గ్రీకు పుస్తకాలు కొనే స్తోమత లేకపోతే ఊరిలోని ఒక మిల్లు యజమాని భార్య కొనిచ్చింది. ఆ హెడ్మాస్టరే గనుక నల్లవాడికి వ్యవసాయమో ఇంటిపనో చాలునని అనుకునే మనిషి అయివుంటే తన జీవితం మరోలా ఉండేదని డుబాయిస్ తర్వాత రాసుకున్నారు. ఒక ఉపాధ్యాయుడి మాటకు ఎంత విలువ ఉందో చూడండి!

1885లో తల్లి మరణించింది. అదే ఏడాది చర్చిలవారు పోగుచేసిన చందాలతో ఆయన టెన్నెసీ రాష్ట్రంలోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చేరారు. వేసవి సెలవుల్లో పల్లెల్లో బడి చెప్పడానికి వెళ్ళారు. ఆ బడి ఒకప్పుడు మొక్కజొన్న దాచుకున్న దుంగల పాక. దానికి తలుపు లేదు. మాస్టారి కుర్చీ కూడా ఇంటి యజమానురాలి దగ్గర అరువు తెచ్చినదే. రోజూ సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. పొలం పనులు మొదలైతే పిల్లలు బడికి వచ్చేవారు కారు. అప్పుడు ఆయనే ఇళ్ళకు నడిచి వెళ్ళి తల్లిదండ్రులకు నచ్చజెప్పేవారు. ఆ పిల్లల్లో జోసీ అనే అమ్మాయికి పట్నం వెళ్ళి చదువుకోవాలని ఎంతో ఆశ. పదేళ్ళ తర్వాత డుబాయిస్ ఆ ఊరు తిరిగి వెళ్ళేసరికి ఇంటి బరువు మోసీ మోసీ జోసీ చనిపోయింది. తెలివి లేక కాదు, దారి లేక ఆగిపోయే పిల్లలను ఆయన అక్కడే చూశారు.

తర్వాత హార్వర్డ్‌లో డిగ్రీ, ఎం.ఎ. పూర్తిచేసి, జర్మనీలోని బెర్లిన్‌లో రెండేళ్ళు చదివారు. 1895లో హార్వర్డ్ నుంచి పి.హెచ్‌డి. పొందారు. అక్కడ ఆ పట్టా అందుకున్న మొదటి నల్లజాతీయుడు ఆయనే.

సరిగ్గా ఆ ఏడాదే బుకర్ టి. వాషింగ్టన్ అట్లాంటాలో చేసిన ప్రసంగం దేశమంతటా మారుమోగింది. వాషింగ్టన్ సామాన్యుడు కాదు. బానిసగా పుట్టి, 1881లో అలబామాలో టస్కీగీ పాఠశాలను నడపడం మొదలుపెట్టి, విద్యార్థులచేతనే ఇటుకలు చేయించి భవనాలు కట్టించిన కార్యదక్షుడు. ముందు వృత్తివిద్య నేర్చుకుని సంపాదించుకుందాం, హక్కుల మాట తర్వాత చూద్దామని ఆయన వాదం. ఉత్తరాది ధనవంతులు ఆ వాదాన్ని మెచ్చి విరాళాలు కురిపించారు. డుబాయిస్ కూడా మొదట ఆ ప్రసంగాన్ని అభినందించారు. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారి ఓటుహక్కు ఒక్కొక్కటిగా ఊడిపోవడం, వారి కాలేజీలకు సాయం తగ్గిపోవడం చూసి మౌనంగా ఉండలేకపోయారు. 1903లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో ఆ వాదాన్ని బాహాటంగా విమర్శించారు.

చేతిపనిని ఆయన ఎన్నడూ చులకన చేయలేదు. ఆయన అడిగింది సూటి ప్రశ్న. వృత్తివిద్య నేర్పే బడికైనా ఉపాధ్యాయులు కావాలి కదా, కాలేజీలు లేకపోతే వాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? టస్కీగీలో పాఠాలు చెప్పేవారు కూడా అటువంటి కాలేజీల్లో చదివి వచ్చినవారే కదా! జాతిని చూసి చదువు స్థాయి తగ్గించకూడదు, శక్తి ఉన్న ప్రతివారికీ ఉన్నత విద్య అందాలి అన్నది ఆయన పట్టుదల. పదిమందిలో ఒకరు ఉన్నత విద్య పొంది మిగతావారిని పైకి తీసుకురావాలని అదే సంవత్సరం మరో వ్యాసం రాశారు.

ఆయన అట్లాంటా విశ్వవిద్యాలయంలో బోధిస్తూ నల్లవారి జీవితాలపై పరిశోధనలు చేశారు. 1909లో నల్లవారి హక్కుల జాతీయ సంఘం స్థాపనలో పాల్గొన్నారు. 1910 నుంచి 1934 వరకు దాని పత్రిక క్రైసిస్‌కు సంపాదకులుగా ఉన్నారు. నల్ల పిల్లలకు, తెల్ల పిల్లలకు వేరువేరు బడులు చెల్లవని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ సంఘం నడిపిన కేసుల ఫలితమే. అయితే కలిసి కూర్చోబెట్టినంత మాత్రాన చాలదని, పిల్లవాడిని గౌరవించే గురువు, మంచి బోధన ఉండాలని డుబాయిస్ 1935లోనే హెచ్చరించారు.

మనకు ఆయనతో ఒక అనుబంధం కూడా ఉంది. 1946లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన వినతిపత్రం ప్రతులు పంపమని కోరారు. డుబాయిస్ సానుభూతితో జవాబిచ్చారు. సముద్రాల అవతల ఒకరు, ఇవతల ఒకరు అదే పోరాటం చేస్తున్నారన్న సంగతి వారిద్దరికీ తెలుసు.

మమ్మల్ని అన్నిటికన్నా ఆలోచింపజేసినది ఆయన చివరి దశ. చదువుకున్న ఆ ఒక్కరు మిగతా తొమ్మిదిమందిని మరచి తన సుఖం చూసుకుంటే ఎలా అని 1948లో ఆయన తన సిద్ధాంతాన్నే తిరిగి పరీక్షించుకున్నారు. త్యాగబుద్ధి లేని చదువు జాతికి అక్కరకు రాదని తేల్చారు. 1963 ఆగస్టు 27న, 95 ఏళ్ళ వయసులో, ఆఫ్రికాలోని ఘనా దేశంలో కన్నుమూశారు. మర్నాడే వాషింగ్టన్ నగరంలో లక్షలాది మంది హక్కుల కోసం కదం తొక్కారు.

మిత్రులారా! చేతిపని ఎంచుకోవడం తప్పు కాదు, అది మన ఇష్టంతో జరగాలి. మనకింతే చాలునని మరొకరు గీసిన గీత దగ్గర మాత్రం ఆగకూడదు. గీత దాటి వెళ్ళినవారు ఈ హాస్టల్ గుమ్మం మరచిపోకూడదు. డుబాయిస్ జీవితం నుంచి మేము నేర్చుకున్న పాఠం ఇదే.