వేళ్లు వంగినా.. వైద్యం వీడలేదు
లక్ష శస్త్రచికిత్సల నేత్రవైద్యుడు డాక్టర్ వెంకటస్వామి

సైదాబాద్: శరీరంలో లోపం ఉన్నవారు వైద్యవృత్తికి పనికిరారన్న అభిప్రాయం సమాజంలో నేటికీ బలంగానే ఉంది. సైదాబాద్‌కు చేరువలోని మలక్‌పేటలో వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయానికి పలు ప్రాంతాల నుంచి వికలాంగులు వస్తుంటారు. వారిలో డాక్టర్ కావాలని కలలు కనే విద్యార్థులకు మధురై నేత్రవైద్యుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి జీవితం ఒక పాఠం. కీళ్లవాతంతో చేతివేళ్లు వంకరపోయినా అదే చేతులతో లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేసిన ఘనత ఆయనది.

ఇసుకలో అక్షరాభ్యాసం

తమిళనాడులోని ఎట్టయాపురం సమీపాన గల వడమలాపురం గ్రామంలో 1918 అక్టోబరు 1న వెంకటస్వామి జన్మించారు. తెలుగు మూలాలున్న రైతు కుటుంబం వారిది. ఐదుగురు సంతానంలో ఆయనే పెద్ద. పలకా బలపం లేని పరిస్థితుల్లో ఏటి ఒడ్డు ఇసుకలోనే అక్షరాలు దిద్దుకున్నారు. సమీప బంధువులు ముగ్గురు కాన్పు సమయంలోనే కన్నుమూయడం బాల్యంలో ఆయన మనసును కలచివేసింది. పల్లెల్లో వైద్యుడు లేకపోవడమే ఆ మరణాలకు కారణమని గ్రహించి, ప్రసూతి వైద్యుడు కావాలని సంకల్పించారు. మధురైలోని అమెరికన్ కళాశాలలో చదివి, 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. అనంతరం సైన్యంలో వైద్యునిగా చేరారు.

విధి ఆడిన నాటకం

ముప్పయ్యేళ్లు నిండుతున్న వయసులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే తీవ్రమైన కీళ్లవాతం ఆయనను కుంగదీసింది. ఫలితంగా 1948లో సైన్యం నుంచి వైదొలగవలసి వచ్చింది. నెలల తరబడి మంచానికే పరిమితమయ్యారు. లేచి నిలబడటం, కలం పట్టుకోవడం కూడా గగనమైపోయింది. వ్యాధి కొంత ఉపశమించినా వేళ్లు శాశ్వతంగా వంకరపోయాయి. గంటల తరబడి నిలబడి కాన్పులు చేయవలసిన ప్రసూతి వైద్యం ఇక తనకు సాధ్యం కాదని ఆయనకు అర్థమైంది.

ఆశయం మారింది కానీ వృత్తి మారలేదు. ప్రసూతి వైద్యాన్ని వదులుకున్న ఆయన నేత్రవైద్యాన్ని ఎంచుకుని 1951లో మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రి నుంచి డిప్లొమా పొందారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా చూపే పోయే శస్త్రచికిత్స అది. అటువంటి పనికి వంగిన వేళ్లతో కత్తి పట్టడం ఎలాగో ఓపికగా సాధన చేశారు. క్రమేణా శుక్లాల శస్త్రచికిత్సలో సిద్ధహస్తుడయ్యారు. ఒక్కరోజులో వంద వరకు శస్త్రచికిత్సలు చేయగల స్థాయికి చేరారు.

పల్లెలకు తరలిన వైద్యం

1956లో మధురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్ర విభాగాధిపతిగా బాధ్యతలు స్వీకరించి ఇరవై ఏళ్లు పనిచేశారు. రోగి ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే రోగి వద్దకు వెళ్లాలన్న సూత్రంతో పల్లెల్లో నేత్ర శిబిరాలు నిర్వహించారు. శుక్లాల వల్ల వచ్చే అంధత్వాన్ని శస్త్రచికిత్సతో నివారించవచ్చు. అయినా పేదరికం, దూరాభారం, భయం కారణంగా లక్షలాది మంది చీకట్లోనే మగ్గిపోతున్న కాలమది. ఆయన సేవలకు గుర్తింపుగా కేంద్ర ప్రభుత్వం 1973లో పద్మశ్రీ ప్రకటించింది.

పదవీ విరమణే ఆరంభం

1976లో 58వ ఏట ఉద్యోగ విరమణ చేసిన ఆయన విశ్రాంతి కోరుకోలేదు. అదే ఏడాది మధురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. శ్రీ అరవిందుల పట్ల గల భక్తితో ఆ పేరు పెట్టారు. సోదరి డాక్టర్ నాచియార్, బావమరిది డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి తదితర కుటుంబ సభ్యులు ఆయనకు అండగా నిలిచారు. స్తోమత గలవారు చెల్లించే రుసుముతోనే పేదలకు ఉచిత వైద్యం అందించడం ఈ సంస్థ ప్రత్యేకత. శస్త్రచికిత్స గదిలో పక్కపక్కనే రెండు బల్లలు ఉంటాయి. ఒక రోగికి శస్త్రచికిత్స ముగిసేలోగా నర్సులు రెండో రోగిని సిద్ధం చేస్తారు. వైద్యుని సమయం క్షణం కూడా వృథా కాదు.

కంటిలో అమర్చే కృత్రిమ కటకాలు అప్పట్లో విదేశాల నుంచి రావలసిందే. వాటి ధర పేదలకు అందుబాటులో ఉండేది కాదు. దీంతో 1992లో ఆరోల్యాబ్ పేరిట కటకాల తయారీ చేపట్టగా ధర గణనీయంగా దిగివచ్చింది. 2006 జులై 7న 87 ఏళ్ల వయసులో వెంకటస్వామి కన్నుమూశారు. ఆయన నాటిన మొక్క మహావృక్షమై, 2019లో తిరుపతిలోనూ అరవింద్ ఆసుపత్రి సేవలు మొదలయ్యాయి.

మారిన నిబంధన

వెంకటస్వామికి వైకల్యం వచ్చింది పట్టా పొందిన తరువాత. చదువుకు ముందే వచ్చి ఉంటే నేటి కాలంలో ఆయనకు సీటు దక్కేదా అన్నది ఆలోచించవలసిన విషయం. వికలాంగుల హక్కుల చట్టం 2016 ఉన్నత విద్యలో ఐదు శాతం సీట్లు కేటాయించినప్పటికీ, వైద్య విద్యలో చేరాలంటే రెండు చేతులూ సక్రమంగా ఉండాలన్న నిబంధన 2019లో వచ్చింది. వైకల్య శాతం ఒక్కటే చూసి అభ్యర్థిని తిరస్కరించరాదని, అతని సామర్థ్యాన్ని పరిశీలించాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో స్పష్టం చేసింది. రెండు చేతుల నిబంధనను కూడా 2025 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. చేతులు ఎలా ఉన్నాయన్నది కాదు, వాటితో ఏం చేయగలరన్నదే ముఖ్యమని మధురై వైద్యుడు అంతకు అర్ధ శతాబ్దం ముందే చేసి చూపించారు.